ఇంటికి రావాలనుంది... రావాలని లేదు!

ఏడాది చదువు కోసం విదేశం వెళ్లిన పిల్లలకు కష్టమైన రోజులు మొదటివా? కాదు, చివరివి! తెనాలి నుంచి జర్మనీ వెళ్లి, పరాయి ఇంట్లో పది నెలలు కూతురిలా పెరిగి, తీరా వచ్చేటప్పుడు సూట్‌కేసు సర్దుకోలేక ఏడ్చిన ఒక అమ్మాయి అనుభవాలివి. ఆ అమ్మాయిని నేనే.

మా జర్మన్ అమ్మ వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక పెద్ద క్యాలెండర్ ఉండేది. ఇంట్లో ఎవరికి ఏ రోజు ఏ పనో అందులో రాసుకునేవాళ్లు. ఆయనకి నీలం, ఆవిడకి ఎరుపు, అబ్బాయికి ఆకుపచ్చ, అమ్మాయికి నారింజ. నేను వెళ్లిన వారానికి నాకూ ఒక రంగు ఇచ్చారు... ఊదా. పళ్ల డాక్టరు, ఈత క్లాసు, చెత్తబండి వచ్చే రోజు, అన్నీ అందులోనే. 2006 మే నెల చివర్లో ఒకరోజు బడి నుంచి వచ్చి, పాల కోసం ఫ్రిజ్ తీయబోతే జూలై 7 గడిలో ఊదారంగులో ఒక్క మాట కనిపించింది. 'విమానం'.

అంతే! గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

విచిత్రం ఏంటంటే, వెళ్లిన కొత్తలో రోజులు లెక్కపెట్టింది నేనే. నోట్‌బుక్ చివరి పేజీల్లో 300 గీతలు గీసుకుని, రాత్రి పడుకునే ముందు ఒక్కోటీ కొట్టేసేదాన్ని. మొదటి నెలలో ఒక్కో గీత కొట్టడానికి ఒక్కో యుగం పట్టేది. ఆ సాయంత్రం గదిలోకి పరిగెత్తి ఆ నోట్‌బుక్ వెతికి తీశాను. 143 దగ్గర ఆగిపోయి ఉంది. జనవరి చివర్లో ఎప్పుడో ఒక రాత్రి కొట్టడం మర్చిపోయాను. మర్నాడూ మర్చిపోయాను. ఆ తర్వాత గుర్తే లేదు.

ఇంకా నలభై రోజులే!

డబ్బు తీసుకోని అమ్మానాన్నలు

ముందు ఈ ఏడాది సంగతేంటో చెప్పాలి. 'విదేశంలో చదువు' అనగానే మనకి ఎమ్మెస్‌లూ, జీఆర్‌ఈలే గుర్తొస్తాయి. ఇది అది కాదు. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు ఒక విద్యా సంవత్సరం పాటు మరో దేశంలో, అక్కడి ఒక కుటుంబంతో కలిసి ఉండి, అక్కడి బడికి వెళ్లిరావడం. ఆ తర్వాత బుద్ధిగా ఇంటికి తిరిగి రావడం.

దీనికి పెద్ద చరిత్రే ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికుల్ని ఆస్పత్రులకు మోసిన అమెరికన్ వాలంటీర్ డ్రైవర్ల సంఘం ఒకటుంది, అమెరికన్ ఫీల్డ్ సర్వీస్ అని. రెండో ప్రపంచయుద్ధంలోనూ అదే పని చేశారు. రెండు యుద్ధాలు చూశాక వాళ్లకి, ఇలా శవాలు మోసే బదులు పిల్లల్ని ఒకరింటికొకర్ని పంపితే మేలు కదా అనిపించింది. 1947 నుంచి బడిపిల్లల మార్పిడి మొదలుపెట్టారు. రోటరీ క్లబ్బులూ ఇలాంటి ఏర్పాటే చేస్తాయి. అమెరికా ప్రభుత్వం 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, 2002లో 'యస్' పేరుతో ఒక కార్యక్రమం పెట్టింది. ఐరోపాలో కాలేజీ పిల్లల కోసం 1987లో మొదలైన 'ఎరాస్మస్' సంగతి సరేసరి.

నేను ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా వెళ్లాను. నాన్న పోస్టాఫీసు ఉద్యోగి. సగం స్కాలర్‌షిప్పు, మిగతా సగం నాన్న పీఎఫ్. 2005లో పదో తరగతి ఫలితాలు రాగానే నాతోటి పిల్లలంతా గుంటూరు, విజయవాడ హాస్టళ్లలో చేరిపోతుంటే నేను పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ తిరిగాను. ''ఏడాది పోతే పోయింది, ప్రపంచం చూసి రామ్మా'' అన్నది నాన్న ఒక్కడే. ''బంగారంలాంటి పిల్ల ఏడాది పాడు చేస్తున్నావురా'' అన్నది మిగతా అందరూ. అమ్మ ఏమీ అనలేదు. ఆవకాయ కొంచెం ఎక్కువ పెట్టింది.

అక్కడ మనల్ని ఉంచుకునే కుటుంబం పైసా తీసుకోదు. ఇది మా నాయనమ్మకు చివరిదాకా అర్థం కాలేదు. ''ఊరికే అన్నం పెడతారా? ఎందుకు పెడతారు?'' అని అడుగుతూనే ఉండేది. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ అర్థం కాలేదు. నవంబరులో అర్థమైంది.

మంచు పడితే... కరెంటు పోయింది

మా ఊరు జర్మనీ వాయవ్యాన మ్యూన్‌స్టర్ నగరానికి అవతల, స్టైన్‌ఫుర్ట్ జిల్లాలో, నెదర్లాండ్స్ సరిహద్దుకు దగ్గర. మన డెల్టాలాగే బల్లపరుపు నేల. కొండ అనేది కనిపించదు. వరి బదులు మొక్కజొన్న, కాలువగట్ల బదులు సైకిలు బాటలు. ఇంట్లో ఐదుగురు... అమ్మ నర్సు, నాన్న వడ్రంగి, వాళ్లబ్బాయి, నా ఈడు అమ్మాయి, కింది వాటాలో నాయనమ్మ. జర్మన్‌లో అమ్మని 'మామా' అంటారు, నాయనమ్మని 'ఓమా'. ఆదివారం ఫోన్లో ''మామా చెప్పింది'' అంటే ఇక్కడ మా నాయనమ్మ ''మామ చెప్పాడు అనాలే, అప్పుడే తెలుగు మర్చిపోయావా'' అని కోప్పడేది.

2005 నవంబరు 25, శుక్రవారం. తడిమంచు కురవడం మొదలైంది. మామూలు మంచైతే దూదిలా రాలిపోతుంది. ఇది అలా కాదు, కరెంటు తీగల్ని పట్టుకుని గడ్డకట్టింది. తీగలు మోయలేనంత లావయ్యాయి. దాదాపు 80 హైటెన్షన్ టవర్లు, ఇనుప టవర్లండీ, మోకాళ్లు విరిగినట్టు కూలిపోయాయి. మా ప్రాంతంలో రెండున్నర లక్షల మంది చీకట్లో పడ్డారు. కొన్ని ఊళ్లకు రోజుల తరబడి కరెంటు రాలేదు. జర్మన్ పత్రికల్లో ఇప్పటికీ నవంబరు వస్తే ఆ మంచు ముచ్చట రాస్తుంటారు.

కరెంటు పోవడమంటే ఏంటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. హీటర్లు ఆగిపోయాయి, పొయ్యి వెలగదు, పిల్లలిద్దరూ దిక్కులు చూస్తున్నారు. తెనాలి పిల్లకు కరెంటు పోతే ఏం చేయాలో ఒకరు చెప్పాలా! గ్లాసుల్లో కొవ్వొత్తులు నిలబెట్టాను. నీళ్లు పట్టి పెట్టాను. ఫ్రిజ్ తెరవొద్దని అందర్నీ కసిరాను. అందరం మంచాలు కిందికి దించుకుని, కట్టెల పొయ్యి ఉన్న ఓమా వంటింట్లో నాలుగు రాత్రులు పడుకున్నాం. ఆ పొయ్యి మీదే ఎర్రపప్పుతో పప్పన్నం వండాను. ఓమా యుద్ధం రోజుల కబుర్లు చెప్పింది. ఆవిడ పుట్టింది 1928లో.

''మీ ఊళ్లో కరెంటు పోతుందా?'' అని అడిగింది ఓమా.

''రోజూ.''

''రోజూనా? ఎంతసేపు?''

''వేసవిలో రెండు గంటలు. టైము చెప్పి మరీ తీస్తారు.''

ఆవిడ అంతలా నవ్వడం ఇంట్లోవాళ్లు కూడా ఎప్పుడూ చూడలేదట. ఐదో రోజు కరెంటు వచ్చింది. మర్నాడు పొద్దున చెత్తబుట్ట బయట పెట్టలేదని మామా నన్ను తిట్టింది. అప్పటిదాకా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్లు తింటూ ఎంత సంతోషపడ్డానో!

క్రియ చివర కూర్చునే భాష

జర్మన్ కష్టం అంటారు. ఇంగ్లిష్ మీదుగా వెళ్తే కష్టమే. తెలుగు మీదుగా వెళ్లి చూడండి. మనకి 'నువ్వు', 'మీరు' ఉన్నట్టే వాళ్లకి 'డూ', 'జీ' ఉన్నాయి. టీచర్ని 'డూ' అంటే తప్పు. స్నేహితురాల్ని 'జీ' అంటే వెక్కిరింత. 'ఎందుకంటే' లాంటి మాట వస్తే చాలు, ఆ వాక్యంలో క్రియ మన క్రియలాగే చివరికి పోయి కూర్చుంటుంది. ఇంగ్లిష్ వాళ్లు దానికి తలబాదుకుంటారు, నాకేమో ఇంటికెళ్లినట్టుండేది. 'డోఖ్' అని ఒక చిన్న మాటుంది. ''నువ్వు తినలేదు కదూ'' అంటే ''ఎందుకు తినలేదూ, తిన్నాను'' అనడానికి ఆ ఒక్క మాట చాలు. తెనాలి వచ్చాక కూడా ఎన్నాళ్లో నోట్లోంచి అదే ఊడిపడేది.

ఇల్లు గుర్తొచ్చి బెంగపడటాన్ని వాళ్లు 'హైమ్‌వే' అంటారు. దూరం వెళ్లాలని, చూడని ఊరు చూడాలని కలిగే బెంగకు 'ఫెర్న్‌వే' అని వేరే మాట ఉంది. ఇల్లు వదిలిన బెంగ, ఇంట్లో ఉండలేని బెంగ... రెండూ ఉన్నాయి సరే. మరి ఉన్న రెండిళ్లలో ఏ ఇంటికి పోయినా రెండోదాని మీద బెంగ కలిగితే దాన్నేమనాలి? దానికి మాత్రం ఓమా దగ్గర కూడా మాట లేదు. అడిగాను.

జూన్ అంతా పండగే

ఆ చివరి జూన్ సంగతి చెప్తే మీరు నమ్మరు. రాత్రి పదింటిదాకా వెలుతురు. మ్యూన్‌స్టర్ చుట్టూ పాత కోటగోడ స్థలంలో చెట్ల నీడన సైకిలు బాట ఉంటుంది, ఆ చెట్లు పూసి ఊరంతా తేనె వాసన. పొలాల్లోకి వెళ్లి మనమే కోసుకునే స్ట్రాబెరీలు. దానికి తోడు ప్రపంచకప్ ఫుట్‌బాల్, అదీ వాళ్ల దేశంలోనే! జూన్ 9న మ్యూనిక్‌లో మొదలైంది. జర్మనీ వాళ్లకి జెండా ఎగరేయాలంటే మొహమాటం. వాళ్ల చరిత్ర అలాంటిది. ఆ జూన్‌లో మాత్రం కార్లకీ కిటికీలకీ ఎక్కడ చూసినా జెండాలే. మా జర్మన్ నాన్న కూడా ఒక చిన్న జెండా కొనుక్కొచ్చి, కారుకు కట్టి, వెంటనే విప్పేసి, మళ్లీ కట్టాడు. తెనాలికి ఫోన్ చేసి ఇదంతా ఉత్సాహంగా చెప్తే మా నాన్న ''బాగుందమ్మా... స్కోరెంత?'' అన్నాడు. ఒకటి-సున్నా అంటే, ''అంతేనా?'' అని జాలిపడ్డాడు.

ఆ రోజుల్లో ఇప్పట్లా వాట్సాప్‌లు లేవు. కార్డు గీకి, అంకెలు నొక్కి, వారానికొకసారి పది నిమిషాలు. కాబట్టి ఇక్కడివాళ్లకి తెలిసిన నేను సెప్టెంబరులో విమానమెక్కిన నేనే. ''ఇంకెంత, నెలే కదా, ఓర్చుకో తల్లీ'' అనేది అమ్మ. ఓర్చుకోవడం కాదమ్మా, నాకిక్కడే ఉండాలనుంది అని చెప్పగలనా? ఆవకాయ పెట్టిన చేతులకి ఆ మాట చెప్పగలనా? ''ఊఁ'' అనేదాన్ని.

చివరి వారాల్లో అందరూ చేసే తప్పే నేనూ చేశాను. చూడనివన్నీ చూసేయాలని ఒకటే ఆత్రం. కొలోన్ చర్చి, హాంబర్గ్ రేవు, ఫలానా స్నేహితురాలి ఊరు, ఫలానా చోట ఐస్‌క్రీము. క్యాలెండర్లో ఊదారంగు తప్ప మరో రంగు కనిపించడం లేదని వాళ్లబ్బాయి వేళాకోళం చేశాడు.

ఓమా ఇంట్లో ప్రతి ఆదివారం మూడున్నరకు కాఫీ, కేకు. పది నెలల్లో నేను తప్పించుకున్నది రెండుసార్లో మూడుసార్లో. జూలై 2 చివరి ఆదివారం. ఓమా స్ట్రాబెరీ కేకు చేస్తానంది. సరేనన్నాను. ఆ రోజు బడి స్నేహితులు మ్యూన్‌స్టర్‌లో చెరువు దగ్గర వీడ్కోలు పార్టీ పెట్టారు. రెండింటికి బయల్దేరి వచ్చేయొచ్చులే అనుకున్నాను. నాలుగైంది. ఐదైంది. పాటలు, ఫొటోలు, ఏడుపులు. ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. వెలుతురింకా ఉంది గానీ ఓమా గదిలో దీపం లేదు. నా వాటా కేకు, మీద గిన్నె బోర్లించి, మెట్ల మీద పెట్టి ఉంది.

మర్నాడు వెళ్లి ''సారీ ఓమా'' అన్నాను. ''కేకు బాగుందా?'' అని అడిగింది. ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

మంగళవారం, జూలై 4. డోర్ట్‌మండ్‌లో సెమీఫైనల్. మా ఊరికి గంట దూరం. తొంభై నిమిషాలు గోల్ లేదు. అదనపు సమయం కూడా అయిపోవచ్చిందనగా ఇటలీ ఒకటి కొట్టింది, మరుక్షణం ఇంకోటి. వీధి వీధంతా నిశ్శబ్దం. వాళ్లమ్మాయి నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఫుట్‌బాల్ కోసమే ఏడుస్తున్నట్టు నటించాం.

ఇరవై కిలోల్లో ఎంత పడుతుంది?

నా టికెట్ మీద 20 కిలోలే అనుమతి. స్నానాల గదిలో బరువు తూచే మిషను మీద సూట్‌కేసు ఎక్కించడం, దించడం. చలికోటు వదిలేశాను, తర్వాత వచ్చే పిల్లకి పనికొస్తుందని. పుస్తకాలు వదిలేశాను. ఓమా ఇచ్చిన జామ్ సీసా మాత్రం మూడు తువ్వాళ్లలో చుట్టి మధ్యలో పెట్టాను.

ఇలాంటి చదువుకెళ్లిన పిల్లలు వచ్చేటప్పుడు ఒక పుస్తకంలో అందరితో నాలుగు మాటలు రాయించుకుంటారు. మన ఆటోగ్రాఫ్ బుక్కే అనుకోండి. టీచర్లు రాశారు, బేకరీ ఆవిడ రాసింది, బస్సు డ్రైవరు కూడా రాశాడు. ఓమా పుస్తకాన్ని ఒక రాత్రి ఉంచుకుని పొద్దున ఇచ్చింది. తెరిచి చూస్తే పేజీ నిండా రాసి ఉంది. ఒక్క అక్షరం కూడా అర్థం కాలేదు!

1941 దాకా జర్మన్ బళ్లలో వేరే చేతిరాత నేర్పేవారు. కోణాలు కోణాలుగా, 'ఈ'కీ 'ఎన్'కీ తేడా తెలియకుండా ఉంటుంది. ఓమా చదువుకున్నది అందులో. పది నెలలు జర్మన్ వచ్చని విర్రవీగిన నేను, ఇది చదవలేకపోతున్నా ఓమా అని ఎలా చెప్పను? పైగా ఆదివారం కేకు సంగతి ఇంకా గుండెల్లో గుచ్చుకుంటూనే ఉంది. ''చాలా బాగా రాశావు'' అన్నాను. ఆవిడ తలూపింది.

శుక్రవారం పొద్దున బయల్దేరుతుంటే జర్మన్ నాన్న కనబడలేదు. వెనక షెడ్డులో నేను తొక్కిన సైకిలు బోర్లించి గొలుసుకు నూనె పెడుతున్నాడు. ఇక దాన్ని తొక్కేవాళ్లు లేరు. ''తుప్పు పడుతుంది'' అన్నాడు, నావైపు చూడకుండా. ఓమా స్టేషనుకు రాలేదు. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది.

రచ్చ గెలిచి... ఇంట ఓడి

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు పెద్దలు. నేను రచ్చ బాగానే గెలిచాను. ఇంటికొచ్చి ఓడిపోయాను.

బేగంపేట విమానాశ్రయంలో దిగగానే నాయనమ్మ ''చిక్కిపోయావే'' అంది. ఆరు కిలోలు పెరిగాను! బంధువులంతా వచ్చారు. మూడు ప్రశ్నలు. చలెక్కువా? ఏం తిన్నావు? మార్కులెన్ని? పది నిమిషాల్లో నా పది నెలలూ అయిపోయాయి. ఐదో నిమిషంలోనే బాబాయి టీవీ పెట్టాడు. ఆయన తప్పు కాదు. ఓమా కాఫీ గురించి, షెడ్డులో సైకిలు గురించి ఎవరికి ఏమని చెప్తాం?

స్నేహితురాళ్లు ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నారు. పొద్దున ఐదింటి స్టడీ అవర్ నుంచి రాత్రి పదింటి దాకా వాళ్లకి ఊపిరి లేదు. నన్ను తీసుకుని నాన్న ఒక జూనియర్ కాలేజీకి వెళ్లాడు. ఆఫీసులో ఆయన నా జర్మన్ మార్కుల కాగితం అటూ ఇటూ తిప్పి, ''ఇదే బోర్డు?'' అన్నాడు. తర్వాత, ''ఏడాది గ్యాపుంది. ఏం చేసింది అమ్మాయి?'' అని అడిగాడు. నాన్న నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. ఏం చేశాను నేను? చివరికి మొదటి ఏడాదిలో, నాకంటే చిన్నవాళ్ల పక్కన, తరగతులు మొదలైన నెల తర్వాత చేరాను. ఎంసెట్ మెటీరియల్ మోపెడు చేతిలో పెట్టారు.

ఆ నాలుగైదు నెలలు నాతో వేగడం ఎంత కష్టమో అమ్మనడిగితే చెప్తుంది. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయనిచ్చేదాన్ని కాదు. అక్కడ సీసా తిరిగిస్తే 25 సెంట్లు వెనక్కిస్తారు, ఆ అలవాటు. విజయవాడ బెంజి సర్కిల్లో రోడ్డు దాటడానికి సిగ్నల్ కోసం నిలబడి, నిలబడి, ఒక ముసలాయన చెయ్యిపట్టి దాటించాడు. ప్రతి మాటకీ 'అక్కడైతే...' అనేదాన్ని. ఒకరోజు అమ్మ ''అక్కడికే పో అయితే'' అంది. ఇద్దరం ఏడ్చాం. ఆదివారం సాయంత్రం ఏడు కాగానే గడియారం చూసేదాన్ని. అప్పుడక్కడ మూడున్నర.

నాకేదో పిచ్చి పట్టిందనే అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, దీని మీద పెద్ద పెద్ద చదువులే ఉన్నాయని! 1955లో నార్వే పరిశోధకుడు లిస్‌గార్డ్, అమెరికా వెళ్లొచ్చిన 200 మంది నార్వే వాళ్లని పరిశీలించాడు. పరాయి దేశంలో మనిషి మనసు మొదట పైన ఉండి, నడుమ కిందికి జారి, మళ్లీ పైకొస్తుందని చెప్పాడు. ఇంగ్లిష్ 'యూ' అక్షరంలా అన్నమాట. 1963లో గల్లాహార్న్ దంపతులు దానికింకో 'యూ' తగిలించి 'డబ్ల్యూ' చేశారు. ఎందుకంటే ఇంటికి తిరిగొచ్చాక అదే జారుడు మళ్లీ ఉంటుంది. వెళ్లేటప్పుడు కష్టపడతామని అందరూ హెచ్చరిస్తారు. వచ్చేటప్పుడు ఎవరూ హెచ్చరించరు, ఇంటికేగా వస్తున్నాం!

ఇప్పటి పిల్లలు, ఇప్పటి అమ్మలు

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో బడిలో పాఠాలు చెప్తున్నాను. ఇలా వెళ్లొచ్చే పిల్లల ఇళ్లకి వేసవిలో వెళ్లి తల్లిదండ్రులతో కాసేపు కూర్చుంటాను, ఎవరూ జీతం ఇవ్వరు, నా సరదా. రోజూ వీడియోకాల్ చేసుకుంటున్నారు కాబట్టి అన్నీ తెలుసనుకుంటారు వీళ్లు. నాకైతే ఇదే కాస్త ప్రమాదం అనిపిస్తుంది. మా అమ్మకి ఏమీ తెలియదని అమ్మకి తెలుసు. వీళ్లకి ఫోన్లో కనిపించేది గోడ, మొహం. ఆ గోడ అవతల ఏముందో కనపడదు. పైగా రాత్రీ పగలూ ఇక్కడితోనే మాట్లాడుతుంటే అక్కడ తిట్లు తినే దాకా ఎప్పుడు చేరతారు?

ఈమధ్య ఒకాయన, పిల్లాడు రాత్రి దిగితే మర్నాడు పొద్దున్నుంచే కోచింగ్ అని ఫీజు కట్టేశాడు. ''ఏడాది పోయింది కదండీ మేడం'' అన్నాడు. పదిహేను రోజులు ఆగమని బతిమాలాను. ఆగాడో లేదో మరి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. అక్కడి మార్కుల కాగితంతో ఇక్కడ నేరుగా పై తరగతిలో చేరిపోవచ్చని ఊహించుకుని పంపకండి. వెళ్లే ముందే కాలేజీలో, బోర్డులో అడిగి రాసి పెట్టుకోండి. అమెరికాకి ఆ దేశ ప్రభుత్వ ఖర్చుతో వెళ్లే పిల్లలకైతే ఇంకో మెలిక ఉంది. తిరిగొచ్చి సొంత దేశంలో రెండేళ్లు గడిపితే గానీ హెచ్1బీ, గ్రీన్‌కార్డు లాంటివి ఇవ్వరు. చదువుకునే వీసాకి ఆ అడ్డు లేదు. ఇది తెలియక కంగారుపడిన వాళ్లని చూశాను.

పిల్లలు వచ్చాక మార్కుల గురించి తర్వాత అడగొచ్చు. అక్కడ ఆదివారం మధ్యాహ్నం ఏం చేసేవాళ్లో అడిగి చూడండి. మా నాన్న ఆరు నెలల తర్వాత, ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు, డాబా మీద పడుకుని అడిగాడు. మంచు సంగతి మొదలుపెడితే తెల్లారింది.

ఓమా పేజీ

ఉత్తరాలు మొదట నెలకొకటి, తర్వాత పండక్కొకటి, తర్వాత... మీకు తెలిసిందే. ఓమా 2010లో పోయింది. మామా ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు బీఎస్సీ పరీక్షల్లో ఉన్నాను.

2016 డిసెంబరులో సొంత సంపాదనతో మళ్లీ వెళ్లగలిగాను. ఆ ఆటోగ్రాఫ్ పుస్తకం వెంట తీసుకెళ్లాను. పదేళ్లుగా దాచుకున్న సిగ్గు బయటపెట్టి, వాళ్లమ్మాయికి చూపించాను. ఆమె చదవలేకపోయింది. వాళ్లబ్బాయీ చదవలేకపోయాడు. ''మేమెవరం చదవలేం, ఓమా పుట్టినరోజు కార్డులు కూడా అమ్మే చదివి పెట్టేది'' అన్నారిద్దరూ. ఎంత తేలికైపోయిందో ప్రాణం!

మామా కళ్లజోడు పెట్టుకుని, కిటికీ వెలుతుర్లోకి తిప్పి, కూడబలుక్కుంటూ చదివింది. సగం పేజీ స్ట్రాబెరీ జామ్ చేసే విధానం. కిలో పండ్లకు ఎంత చక్కెర, నురగ ఎప్పుడు తీయాలి, సీసాలు ఎందుకు తలకిందులుగా పెట్టాలి. ఆ తర్వాత, ఆదివారం నువ్వు రాకపోతే కేకు కుక్క తినేస్తుందేమోనని మెట్ల మీద గిన్నె బోర్లించాను, నీ మీద కోపం కాదు, అని ఉంది. ఆఖర్న నాలుగు వరుసలు. మంచు వారంలో మిగిలిన కొవ్వొత్తులు నా వంటింటి సొరుగులో ఉన్నాయి, మీ ఊళ్లో కరెంటు మరీ ఎక్కువసేపు పోతే రాయి, పంపిస్తాను.

మామా కళ్లజోడు తీసింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆవిడ లేచి, నన్ను రమ్మని, కిందికి వెళ్లి ఓమా వంటింటి సొరుగు లాగింది.

ఆరు ఉన్నాయి. రెండు సగం కాలినవి.